అందరికీ తెలిసిన సినిమా, ఎవరూ అడగని ప్రశ్న: జర్నల్‌కు పరిశోధన పత్రం పంపేవారికి ఒక విమర్శ పాఠం

ఉద్దేశం

సినిమా, టెలివిజన్, పత్రికలు, పాటలు వంటి జనరంజక సంస్కృతి అంశాల మీద వచ్చిన పరిశోధన పత్రాన్ని ఎలా తూచాలో ఈ పాఠం చెబుతుంది. అటువంటి పత్రాన్ని మీరే రాసి జర్నల్‌కు పంపదలచుకుంటే ఏమేమి చూసుకోవాలో, ఏ ఉచ్చులో పడకూడదో కూడా చెబుతుంది.

1. ఉపోద్ఘాతం

డిగ్రీ చదువుతున్న మాకు జర్నల్‌తో పనేమిటని మీరు అడగవచ్చు. పని ఉంది. మీరు రాయబోయే ప్రాజెక్టు నివేదికకు, జర్నల్‌లో అచ్చయ్యే పత్రానికి నిడివిలోనూ లోతులోనూ తేడా ఉంటుంది గాని జాతి ఒకటే. రెండింటిలోనూ ఒక ప్రశ్న ఉండాలి, దానికి ఆధారాలతో కూడిన జవాబు ఉండాలి, ఆ జవాబును మరొకరు సరిచూసుకోగలగాలి. పైగా మీలో చాలామంది ఉద్యోగాలు చేస్తూ, పొలం పనులు చూసుకుంటూ, ఇల్లు నడుపుతూ చదువుతున్నారు. మీ ఊరి సినిమా హాలు గురించి, మీ ఇంటి టీవీ గురించి మీకు తెలిసిన సంగతులు విశ్వవిద్యాలయంలో కూర్చున్న మాకు తెలియవు. ఆ తెలిసినదాన్ని పరిశోధనగా మార్చడం ఎలా అన్నదే ఈ పాఠం.

ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. జర్నళ్లకు పత్రాలు పంపాను, తిప్పి పంపించుకున్నాను, ఇతరుల పత్రాలను సమీక్షకుడిగా చదివాను. ఆ అనుభవం మీద ఒక మాట చెప్పగలను. జనరంజక సంస్కృతి మీద వచ్చే పత్రాలు తిరిగి రావడానికి ముఖ్య కారణం రచయితకు విషయం తెలియకపోవడం కాదు. విషయం తనకు ముందే తెలుసుననుకోవడం.

2. అభిమాని వ్యాసం, పరిశోధన పత్రం

భూగర్భ శాస్త్రం మీద పత్రం రాసేవాడు తనకు తెలియదనే భయంతో మొదలుపెడతాడు. సినిమా మీద రాసేవాడికి ఆ భయం ఉండదు. 'మాయాబజార్' 1957లో వచ్చిందని, కె.వి. రెడ్డి దర్శకుడని, విజయా వారి సినిమా అని మనకందరికీ తెలుసు. అందుకే ఆ సినిమా మీద పత్రం రాయమంటే కథ చెప్పి, నటుల్ని మెచ్చుకొని, పాటలు తలచుకొని, తెలుగు ప్రేక్షకుల గుండెల్లో అది చిరస్థాయిగా నిలిచిపోయిందని ముగిస్తాం. ఆదివారం అనుబంధానికి అది మంచి వ్యాసమే కావచ్చు. జర్నల్‌కు మాత్రం పనికిరాదు. అందులో తప్పు లేదు, కాని సరిచూడడానికి వీలైన మాట ఒక్కటీ లేదు.

నా మొదటి పత్రానికి పట్టిన గతి ఇదే. పల్లెటూళ్లలో సినిమా చూడడం గురించి రాశాను. పేజీకి రెండుసార్లు 'తెలుగు ప్రేక్షకులు' అని రాసుకున్నాను. ఆరు నెలలకు పత్రం తిరిగొచ్చింది. సమీక్షకుడెవరో నాకు తెలియదు. ఆయన అడిగినవన్నీ ప్రశ్నలే. ఏ ప్రేక్షకులు, ఏ హాల్లో, ఏ సంవత్సరంలో, నేల టికెట్టు వాళ్లా, బెంచీ వాళ్లా, కుర్చీ వాళ్లా, ఆడవాళ్లు ఎక్కడ కూర్చునేవారు, ఇవన్నీ మీకెలా తెలుసు? నెల రోజులు కోపంతో ఆ ఉత్తరం ముట్టుకోలేదు. తరవాత మా తాలూకా కేంద్రంలోని హాలుకు వెళ్లి ఆపరేటర్‌తో, గేటు దగ్గర టికెట్లు చింపే మనిషితో వారం రోజులు మాట్లాడాను. అప్పుడు తెలిసింది, నేను పుట్టి పెరిగిన చోటే నాకు తెలియనిది ఎంత ఉందో. తిరిగి రాసిన పత్రంలో 'తెలుగు ప్రేక్షకులు' అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

కనుక మీ చేతికి ఏ పత్రం వచ్చినా, అది మీరు రాసిందైనా సరే, మొదట మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఏ ప్రశ్నకు జవాబు? ఆ జవాబుకు ఆధారం ఏమిటి? ఆ ఆధారాన్ని నేను వెళ్లి చూసుకోగలనా?

3. ఆధారం బలం: 'భక్త ప్రహ్లాద' తేదీ

ఆధారం ఎంత పని చేస్తుందో చూడడానికి మన సినిమా చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి, నిర్మాత అర్దేషిర్ ఇరానీ. ఇది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల తరబడి పుస్తకాలు రాశాయి. ఒక పుస్తకాన్ని చూసి మరొకటి, దాన్ని చూసి ఇంకొకటి. పదిమంది రాశారు గనక నిజమై ఉంటుందని పదకొండో వారు నమ్మారు.

పాత్రికేయుడు, సినిమా చరిత్ర పరిశోధకుడు రెంటాల జయదేవ పుస్తకాలను వదిలి నాటి కాగితాల దగ్గరికి వెళ్లారు. సినిమా సెన్సార్ అయింది 1932 జనవరి 22న అని తేలింది. సెన్సార్ కాని సినిమా నాలుగు నెలల ముందే విడుదల కావడం కుదరదు. 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా హాల్లో అది విడుదలైందని ఆయన ఆధారాలతో చూపారు.

తేదీ మారితే ఏం కొంప మునిగిందని అనిపించవచ్చు. మునిగింది తేదీ ఒక్కటే కాదు. హెచ్.ఎం. రెడ్డే తీసిన 'కాళిదాస్' 1931 అక్టోబర్ 31న వచ్చింది. అందులో తమిళం, తెలుగు రెండూ వినిపించాయి. పాత తేదీ ప్రకారం 'భక్త ప్రహ్లాద' దానికంటే ముందు. కొత్త తేదీ ప్రకారం తరవాత. అంటే దక్షిణాది టాకీలు మొదట భాషలు కలగలిసి వచ్చి, ఆ తరవాత ఒక్క భాషలో స్థిరపడ్డాయా అన్న ప్రశ్న కొత్తగా తలెత్తుతుంది. ఒక్క ఆధారం క్రమాన్ని మార్చింది, క్రమం మారితే కథ మారింది.

దీని నుంచి మీరు నేర్చుకోవలసింది ఒకటుంది. ద్వితీయ ఆధారాలు, అంటే ఇతరులు రాసిన పుస్తకాలు, ఎన్ని ఉన్నా ఒక్క ప్రాథమిక ఆధారానికి సాటి రావు. సెన్సార్ వివరం, నాటి పత్రికలో ప్రకటన, కరపత్రం, పాటల పుస్తకం, హాలు లెక్కల పుస్తకం, మనిషితో చేసిన ఇంటర్వ్యూ, ఇవి ప్రాథమిక ఆధారాలు.

4. ప్రశ్న బలం: రెండు ఉదాహరణలు

ఆధారాలు కుప్పపోసినంత మాత్రాన పత్రం కాదు. వాటిని కదిలించే ప్రశ్న కావాలి. రెండు పత్రాలను చూద్దాం.

ఎం.ఎస్.ఎస్. పాండియన్ 1989లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఎం.జి.ఆర్. గురించి పత్రం ప్రచురించారు. ఎం.జి.ఆర్. పేరు తెలియనివారు తమిళనాడులో లేరు. కనుక కొత్తగా చెప్పడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. పాండియన్‌కు మాత్రం ఒక చిక్కుముడి కనిపించింది. ఆయన అంచనాలో ఎం.జి.ఆర్. ప్రభుత్వ విధానాలు పేదలకు మేలు చేసినవి కావు. అయినా పేదలు ఆయన్ని చివరిదాకా విడిచిపెట్టలేదు. ఎందుకు? ఈ ప్రశ్న చేతిలో పెట్టుకొని ఆయన తెర మీది పాత్రల వైపు వెళ్లారు. పడవవాడు, రిక్షావాడు, కూలివాడు అయిన కథానాయకుడు పేదవాడి ఊహలో ఎలా స్థిరపడ్డాడో వివరించారు. ఆ పత్రంలోని ఆలోచనే పెరిగి 1992లో 'ది ఇమేజ్ ట్రాప్' అనే పుస్తకంగా వచ్చింది. ఆయన జవాబుతో తరవాతి పరిశోధకులు వాదించారు. ప్రేక్షకులు అంత సులభంగా వలలో పడతారా అని ఎవరైనా అడగవచ్చు, మీరూ అడగవచ్చు. వాదించడానికి వీలుగా మాట చెప్పడమే ఆ పత్రం గొప్ప.

రెండోది ఎస్.వి. శ్రీనివాస్ 1996లో 'జర్నల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఐడియాస్'లో అభిమానుల కార్యకలాపాల మీద ప్రచురించిన పత్రం. మన ఊళ్లలో అభిమాన సంఘాలను చూడనివారెవరు? కటౌట్లకు దండలు, తెర ముందు హారతులు, మొదటి ఆట రోజున కాగితాల వాన. చదువుకున్నవారు దాన్ని చూసి పిచ్చి అంటారు, మరికొందరు గుడ్డి భక్తి అంటారు. శ్రీనివాస్ ఆ భక్తి పక్కనే ధిక్కారాన్ని కూడా చూశారు. హీరో ఇలాగే ఉండాలని అభిమాని ఆశిస్తాడు, ఆ ఆశ నెరవేరకపోతే తిరగబడతాడు. అంటే అభిమాని ఒట్టి భక్తుడు కాదు, హీరో మీద హక్కు ఉందనుకునే మనిషి. ఈ దారిలోనే సాగి ఆయన 2009లో చిరంజీవి కేంద్రంగా 'మెగాస్టార్' అనే పుస్తకం తెచ్చారు.

ఈ రెండింటినీ కలిపి చూడండి. ఇద్దరూ ఎంచుకున్నది అందరికీ తెలిసిన విషయమే. అందరూ ఒప్పుకున్న ఒక మాట దగ్గర ఇద్దరూ ఆగారు. 'పేదలు అమాయకులు' అన్న చోట ఒకరు, 'అభిమానులు పిచ్చివాళ్లు' అన్న చోట మరొకరు. మీ పత్రం కూడా అటువంటి చోటనే మొదలవుతుంది. మీ ఊళ్లో అందరూ తల ఊపే మాట ఏదో చూడండి. టీవీ సీరియళ్లు ఆడవాళ్లే చూస్తారంటారు. నిజంగానా? ఎవరింట్లో, ఏ గంటకు, రిమోటు ఎవరి చేతిలో?

5. పత్రం ప్రయాణం

పత్రం సిద్ధమైందనుకుందాం. ఇప్పుడు దాన్ని పంపే పద్ధతి తెలుసుకోండి.

మొదటిది, జర్నల్‌ను ఎంచుకోవడం. జర్నల్ పేరు చూసి కాదు, గత రెండేళ్ల సంచికలు తిరగేసి ఎంచుకోండి. మీ ప్రశ్న గురించి అక్కడ ఎవరైనా మాట్లాడుతున్నారా? జర్నల్ అంటే నలుగురు కూర్చొని సాగించే సంభాషణ. మధ్యలో వెళ్లి కూర్చునేవారు ముందు కాసేపు వినాలి. దక్షిణాసియా సినిమా, తెర మాధ్యమాల కోసమే 2010 నుంచి 'బయోస్కోప్' అనే జర్నల్ వస్తున్నది. సామాజిక ప్రశ్నతో ముడిపడిన పత్రమైతే 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ' వంటిది సరిపోవచ్చు.

రెండోది, సంగ్రహం. నూట యాభై నుంచి రెండు వందల మాటల్లో పత్రం సారమంతా చెప్పాలి. చాలామంది దీన్ని ముందుమాటలా రాస్తారు. సినిమా సమాజానికి అద్దం అని మొదలుపెడతారు. ఆ చోటు వృథా చేయకండి. ప్రశ్న ఏమిటి, ఏ ఆధారాలు చూశారు, ఏమి తేలింది అని మూడు నాలుగు వాక్యాల్లో చెప్పండి. సంపాదకులు మొదట చదివేది అదే, కొన్నిసార్లు చివర చదివేదీ అదే.

మూడోది, పేరు కనిపించకుండా చేయడం. మంచి జర్నళ్లలో ఎక్కువ భాగం రచయిత ఎవరో సమీక్షకుడికి, సమీక్షకుడెవరో రచయితకు తెలియని పద్ధతి పాటిస్తాయి. కనుక పత్రంలో మీ పేరు, మీ అధ్యయన కేంద్రం పేరు ఉండకూడదు. కంప్యూటర్ ఫైలు వివరాల్లో కూడా పేరు దాగి ఉంటుంది, అక్కడా తీసేయాలి. ఈ పద్ధతి మీకు మేలు చేసేదే. పేరున్న ప్రొఫెసర్ పత్రమూ మీ పత్రమూ సమీక్షకుడి బల్ల మీద ఒకే తీరుగా కనిపిస్తాయి.

నాలుగోది, ఒకసారి ఒక జర్నల్‌కే పంపాలి. రెండు చోట్లకు ఒకేసారి పంపడం తప్పుగా భావిస్తారు. జవాబు రావడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

అయిదోది, జవాబును చదవడం. నాలుగు రకాల జవాబులు వస్తాయి. అంగీకారం, చిన్న సవరణలు, పెద్ద సవరణలు, తిరస్కారం. నేరుగా అంగీకారం చాలా అరుదు. పెద్ద సవరణలు చేయమన్నారంటే తలుపు మూయలేదని అర్థం. సమీక్షకుడు లేవనెత్తిన ప్రతి అంశానికీ వరుసగా జవాబు రాసి, ఎక్కడ ఏమి మార్చారో చెప్పండి. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోరో మర్యాదగా, ఆధారంతో చెప్పండి.

ఇక ఇతరుల రచన వాడుకోవడం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్యం మీద నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం 10 శాతం వరకు పోలికలను చిన్నవిగా పరిగణించి శిక్ష వేయరు. ఆపైన పోలికల మోతాదును బట్టి చర్యలుంటాయి. అయితే శాతం చూసి నిశ్చింతగా ఉండకండి. ఇతరుల మాట ఒక్కటి వాడినా ఎక్కడిదో చెప్పడం రచయిత ధర్మం. ఇంగ్లీషు పుస్తకంలోని ఆలోచనను తెలుగులో రాసి తనదని చెప్పుకోవడం కూడా చౌర్యమే. దాన్ని ఏ యంత్రమూ పట్టుకోకపోవచ్చు, చదివినవాడు పట్టుకుంటాడు.

6. సమీక్ష పద్ధతికీ లోపాలున్నాయి

జర్నల్‌లో అచ్చయిందల్లా నిజమని కూడా అనుకోకండి. 1996లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త అలన్ సోకల్ సాంస్కృతిక అధ్యయనాల జర్నల్ 'సోషల్ టెక్స్ట్'కు ఒక పత్రం పంపారు. గంభీరమైన పదాలు, పెద్దపెద్ద పేర్లు, కావాలని కూర్చిన అర్థంలేని వాదం. జర్నల్ దాన్ని అచ్చువేసింది. వెంటనే ఆయనే వేరే పత్రికలో అది బూటకమని బయటపెట్టారు. అప్పట్లో ఆ జర్నల్ బయటి నిపుణులతో సమీక్ష చేయించేది కాదు.

దీన్ని పట్టుకొని సాంస్కృతిక అధ్యయనాలే బూటకమన్నవారున్నారు. ఆ ముగింపుతో నేను ఏకీభవించను. ఒక కొట్టులో కల్తీ నూనె దొరికితే వంటే మానేయం. అయితే ఒక హెచ్చరిక తీసుకోవాలి. అర్థం కాని భాష లోతుకు గుర్తు కాదు. మీకు అర్థం కాని సిద్ధాంత పదాన్ని మీ పత్రంలో పెట్టకండి. తీసేసినా వాదం నిలబడితే ఆ పదం అక్కడ అక్కరలేదు.

మరో లోపం మనకు మరింత దగ్గరిది. ఇంగ్లీషు జర్నల్ సమీక్షకుడికి నేల టికెట్టు అంటే ఏమిటో, బెనిఫిట్ షో అంటే ఏమిటో తెలియకపోవచ్చు. వివరించమంటాడు. విసుగు పడకండి. వివరిస్తున్నప్పుడే ఆ మాట వెనక ఉన్న తరతమాలు మీకు కొత్తగా కనిపిస్తాయి.

7. డబ్బు తీసుకొని అచ్చువేసే పత్రికలు

ఇప్పుడు నా విద్యార్థిని ఒకరి సంగతి చెబుతాను. ఆమె దూరవిద్యలో చదివిన ఉపాధ్యాయురాలు. తమ మండలంలో మూతపడి కల్యాణ మండపాలుగా మారిన మూడు సినిమా హాళ్ల మీద పని చేశారు. పాత యజమాని ఇంటి అటక మీద నుంచి డీసీఆర్ పుస్తకాలు, అంటే రోజువారీ వసూళ్ల లెక్కలు, దుమ్ము దులిపి రాసుకున్నారు. ఆపరేటర్‌తో, గేటు మనిషితో, హాలు ముందు కిళ్లీ కొట్టు నడిపినామెతో మాట్లాడారు. అంత మంచి సామగ్రి నేను ఎందరి దగ్గరో చూడలేదు.

అప్పుడే ఆమె ఫోనుకు ఒక సందేశం వచ్చింది. అంతర్జాతీయ జర్నల్, మూడు రోజుల్లో ప్రచురణ, సర్టిఫికెట్ ఉచితం. రెండు వేల రూపాయలు కట్టారు. మూడో రోజు పత్రం వచ్చింది, అచ్చుతప్పులతో, పట్టికలు తలకిందులై. ఎవరూ చదవలేదు, ఎవరూ ఒక ప్రశ్న కూడా వేయలేదు. ఏడాది తరవాత నేను ఆ పనిని మంచి జర్నల్‌కు పంపమన్నాను. వారు మెచ్చుకున్నారు, కాని ఇది ఇదివరకే ప్రచురితమైందని తిప్పి పంపారు. ఆ రెండు వేలు పోతే పోయాయి. డీసీఆర్ పుస్తకాలను ఈలోగా యజమాని పిల్లలు పాత కాగితాలవాడికి వేసేశారు. ఆ లెక్కలు ఇప్పుడు ఆ తప్పుల పత్రంలో తప్ప మరెక్కడా లేవు.

తప్పు ఆమెది అనను. పత్రాల సంఖ్యను లెక్కపెట్టి ఉద్యోగాలు, పదోన్నతులు ఇచ్చిన పద్ధతి ఇటువంటి పత్రికలకు అంగడి తెరిచింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం కూడా దీన్ని అదుపు చేయాలని చూసింది. నాణ్యమైన జర్నళ్ల కోసం 'కేర్' జాబితా పెట్టి, 2025 ఫిబ్రవరిలో దాన్ని నిలిపివేసింది. మంచిచెడ్డలు తేల్చుకునే బాధ్యత ఇప్పుడు సంస్థల మీద, మన మీద పడింది. పిహెచ్‌.డి. సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ముందు పత్రం ప్రచురించి తీరాలన్న షరతు 2022 నియమాల్లో లేదు. తొందరపడవలసిన అవసరం ఇప్పుడు మునుపటికంటే తక్కువ.

గుర్తులు చెబుతాను. పిలవకుండా మీకు సందేశం పంపితే అనుమానించండి. రోజుల్లో ప్రచురిస్తామంటే సమీక్ష జరగదని అర్థం. ఒకే జర్నల్ వైద్యం, వ్యవసాయం, సినిమా అన్నీ వేస్తామంటే దాటిపోండి. కొన్ని మంచి జర్నళ్లు కూడా అందరికీ ఉచితంగా చదివే వీలు కల్పించడానికి రుసుము తీసుకుంటాయి. కనుక డబ్బు అడగడం ఒక్కటే గుర్తు కాదు. పాత సంచికలోని ఒక పత్రాన్ని పూర్తిగా చదవండి. అది చదివాక మీకు కొత్తగా ఏమీ తెలియకపోతే, అక్కడ మీ పత్రం పెట్టకండి.

8. తెలుగు మాధ్యమం విద్యార్థి చేతిలోని బలం

ఇంగ్లీషు రాదని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఇంగ్లీషు జర్నల్‌కు పంపాలంటే ఇంగ్లీషు కావాలి, నిజమే. దానికి సహాయం దొరుకుతుంది, సవరణకు మనుషులున్నారు. కాని ఆధారం చదవడానికి తెలుగు కావాలి, దానికి అరువు దొరకదు. 'రూపవాణి', 'విజయచిత్ర' వంటి పాత సినిమా పత్రికలు తెలుగులో ఉన్నాయి. వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనంలో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలెన్నింటినో డిజిటల్ రూపంలోకి తెచ్చింది. మీ ఊరి హాలు ఆపరేటర్ మీతో మాట్లాడేది తెలుగులోనే. మొదట తెలుగులో రాయండి. వాదం తెలుగులో నిలబడితే ఏ భాషలోనైనా నిలబడుతుంది.

9. సారాంశం

జనరంజక సంస్కృతి మీద పత్రానికి అభిమానం మొదటి మెట్టు మాత్రమే. అందరూ ఒప్పుకున్న మాట దగ్గర ఆగి ప్రశ్న వేయాలి. ఇతరులు సరిచూడగల ప్రాథమిక ఆధారం చూపాలి. చదివి ప్రశ్నలు వేసే జర్నల్‌కే పంపాలి. తిరిగొచ్చిన పత్రం అవమానం కాదు, ఎవరో ఒకరు శ్రద్ధగా చదివారన్నదానికి రుజువు. ఎవరూ చదవకుండా అచ్చయిన పత్రమే అసలైన నష్టం. పాత లెక్కల పుస్తకం ఎవరింటి అటక మీదైనా ఉందని తెలిస్తే, పత్రం సంగతి తరవాత, ముందు వెళ్లి ఫొటోలు తీసుకోండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 'భక్త ప్రహ్లాద' విడుదల తేదీ మారడం వల్ల సినిమా చరిత్రలో ఏ ప్రశ్న కొత్తగా తలెత్తుతుంది?
2. పాండియన్, శ్రీనివాస్ పత్రాలు రెండింటిలో ఏ సాధారణ అభిప్రాయాలను ప్రశ్నించారు? ఒకరి వాదంతో మీరు విభేదిస్తే ఎందుకో పది వాక్యాల్లో రాయండి.
3. మీ ఊళ్లో సినిమా, టీవీ లేదా పాటల గురించి అందరూ ఒప్పుకునే ఒక మాటను తీసుకోండి. అది నిజమో కాదో తేల్చడానికి ఏ ఆధారాలు, ఎవరి దగ్గర దొరుకుతాయో జాబితా తయారుచేయండి.